బియ్యం డబ్బాలో గొలుసు

ఆ రోజుల్లో నేను మనిషి కనిపిస్తే ముందు మెడ చూసేదాన్ని, మొహం తర్వాత సంగతి. మా నూజివీడు వైపు క్రైస్తవుల్లో సంఘాలు ఎన్ని ఉన్నా, నా లెక్కలో రెండే రకాలు: నగలు వేసుకునేవాళ్లు, నగలు తీసేసినవాళ్లు. మాది మొదటి రకం. గంట గోపురం ఉన్న పాత చర్చి, క్రిస్మస్‌కి పట్టుచీరలు, చెవులకి బుట్టలు, పాటల పుస్తకం తెరిస్తే గాజుల గలగల. రెండో రకం వాళ్లు బాప్తిస్మం తీసుకున్న రోజే బంగారం తీసేసి, తెల్లచీర కట్టుకుని మందిరానికి వెళ్తారు, మోకరించారంటే ఓ పట్టాన లేవరు. వాళ్లని చూసి మేం ‘అబ్బో, పరలోకానికి రిజర్వేషన్ అయిపోయింది వీళ్లకి’ అనుకునేవాళ్లం. మమ్మల్ని చూసి వాళ్లు ‘పాపం, లోకస్థులు’ అనుకునేవాళ్లు. (లోకస్థులంటే లోకం మీద ఆశ చావనివాళ్లని అర్థం. అదేమంత పెద్ద తిట్టు కాదు గానీ, వినగానే చెవికున్న కమ్మలు బరువెక్కుతాయి.) బస్టాండులో దూరం నుంచే మెడ చూసి ఏ సంఘమో చెప్పెయ్యడంలో నాకు మా ఇంట్లో మంచి పేరుండేది. ఒక్కోసారి ఆ బోసిమెడ ఎవరో హిందువులావిడది అయ్యేది, ఆ పూట గొలుసు తెగి కంసాలి దగ్గరికి వెళ్తున్న మనిషి. అలాంటివి నేను పట్టించుకునేదాన్ని కాదు.

మాకు చాట్రాయి దారిలో మామిడితోట ఉంది, తోటలోనే ఇల్లు. నాన్న తోట చూసుకునేవాడు, అమ్మ నాన్నని చూసుకునేది, నాయనమ్మ ఇద్దరి మీదా ఒక కన్నేసి ఉంచి రెండో కంటితో టీవీ సీరియల్స్ చూసేది. నేను నూజివీడులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. ఆ వేసవిలో వి.బి.ఎస్. ట్రైనింగుకి వెళ్లాను. వి.బి.ఎస్. అంటే ఎండాకాలం సెలవుల్లో పిల్లల్ని చర్చికి పోగేసి పాటలూ కథలూ నేర్పే బడి. దానికి ముందు టీచర్లమైన మాకు ఆ పాటలు చేతులూపుతూ, గెంతుతూ పాడటం నేర్పుతారు. అన్ని సంఘాల వాళ్లూ వచ్చారు. వచ్చినవాళ్లలో ఉంగుటూరు నుంచి ఒక లెక్కల సారు. మెడలో ఏమీ లేదు, వేలికి ఉంగరం లేదు, చివరికి చేతికి వాచీ కూడా లేదు. ‘తీసేసిన రకం’ అని చూడగానే తేల్చేసి, ఇలాంటివాళ్లు నవ్వరు కూడా అని పక్కన పెట్టేశాను. తీరా పాట మొదలయ్యాక అందరం కుడివైపు ఊగితే ఆయన ఎడమవైపు ఊగి, పక్కనున్న పెద్ద పాస్టరుగారి కళ్లజోడు ఎగరగొట్టాడు. మేమందరం కాసేపు నవ్వి ఊరుకున్నాం. ఆయన మాత్రం తనని తలుచుకుని తనే భోజనాల దాకా నవ్వుతూనే ఉన్నాడు. సాంబారు వడ్డిస్తుంటే మళ్లీ గుర్తొచ్చినట్టుంది, గరిటె వణికి నా చీర మీద ఒలికింది. “సారీ మేడమ్, ఆ కళ్లజోడండీ...” అన్నాడు, ఇంక మాట పూర్తి చెయ్యలేకపోయాడు. నా పని అక్కడే అయిపోయింది. ఫోన్ నంబరు అడగడానికి ఆయనకి భయం, ఇవ్వడానికి నాకు సిగ్గు, ట్రైనింగు ముగిసింది, ఎవరి బస్సు వాళ్లం ఎక్కేశాం.

మామిడికాయలు కోతకొచ్చే వేళకి మా పాస్టరుగారి భార్య (అందరం పాస్టరమ్మగారు అంటాం) ఇంటికొచ్చి, ఉంగుటూరు సంబంధం ఒకటి అడుగుతున్నారని చెప్పింది. పెళ్లికొడుకు లెక్కల సారు, అబ్బాయే మీ అమ్మాయి పేరు చెప్పాడట, అంది. నేను వంటింట్లోకి పరిగెత్తి మంచినీళ్లు తాగొచ్చాను. వెళ్తూ వెళ్తూ పాస్టరమ్మగారు, “వాళ్లది వేరే సంఘం కదమ్మా, వాళ్ల మనసు నొచ్చుకోకుండా కాస్త చూసుకోండి,” అంది. ఆ మాటే ఉంగుటూరు వెళ్లి వాళ్లింట్లో కూడా అందని మాకు తెలియదు.

“నగలు తీసేసినవాళ్లా?” అమ్మ మొహం వేలాడేసింది. “వాళ్ల కంటికి మనం ఆనతామా? నీ మెళ్లో గొలుసు చూస్తే గేటు దగ్గర్నుంచే వెనక్కి పోతారు.”

“పోతే పోనీవే,” అన్నాడు నాన్న.

“పోతే పోనీ ఏంటి నాన్నా!” అన్నాను నేను, కొంచెం ఎక్కువ గట్టిగానే. “మంచి సంబంధం.”

“మంచిదని నీకెలా తెలుసే?” అంది అమ్మ. సాంబారు సంగతి అమ్మకి ఎలా చెప్తాం? తల వంచుకుని గోళ్లు చూసుకున్నాను. అమ్మ తెలివైనది, నా మొహం ఒకసారి, గోళ్లు ఒకసారి చూసి, “సరే, ఒక్కపూటకి తీసేస్తే కొంపేం మునిగిపోదు,” అని తీర్మానం చేసింది.

ఇక పెళ్లిచూపుల రోజు పొద్దున మా ఇల్లు చూడాలి. నా గొలుసు, కమ్మలు, అమ్మ నాంతాడు గొలుసు, గాజులు అన్నీ ఒక రుమాల్లో మూటగట్టి బియ్యం డబ్బాలో అడుక్కి దాచింది అమ్మ. నాకు తెల్లచీర, తనకి తెల్లచీర. గోడకున్న టీవీ మీద దుప్పటి కప్పి, దాని పైన బైబిలు వాక్యం కేలండరు వేలాడదీసింది. (ఆ తీసేసిన సంఘాల్లో టీవీ కూడా చూడరని ఎవరో చెప్పారట.) అయితే అసలు చిక్కు నా మెడతోనే వచ్చింది. ఎండకి మెడంతా నల్లబడి, గొలుసుండే చోట మాత్రం తెల్లటి గీత. గొలుసు తీసేశాక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అమ్మ సగం డబ్బా పౌడరు నా మెడకే అద్దింది. నాయనమ్మ మాత్రం ససేమిరా అంది. “ఈ కమ్మలు మీ తాతయ్య పెట్టినవి. శీలలు బిగుసుకుపోయాయి, నన్ను పూడ్చేటప్పుడు చూసుకోండి.” చేసేది లేక అమ్మ, నాయనమ్మ కొంగు తల మీదుగా లాగి చెవులు మూసి, గడ్డం కింద పిన్నీసు పెట్టింది. రోహిణి ఎండల్లో ఆ ముసుగులో నాయనమ్మ, “దేవుడికి ఎక్స్‌రే కళ్లుంటాయే కోడలా,” అని సణుగుతూ మంచం మీద కూర్చుంది.

కారు ఆగిన చప్పుడైంది. వాళ్ల పలకరింపు రాత్రంతా ప్రాక్టీసు చేసిన నాన్న గేటు దగ్గరికి వెళ్లి, “ప్రైజ్ ద లార్డ్ అండీ!” అన్నాడు. సారు నాన్నగారు, ఆయనా ప్రాక్టీసు చేసే వచ్చాడు కాబోలు, అదే క్షణాన “నమస్కారమండీ, నమస్కారం!” అన్నాడు. తర్వాత కారులోంచి సారు తల్లి దిగింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఎర్రటి పట్టుచీర, జానెడు జరీ అంచు. మెడలో పేటల గొలుసు, చెవులకి ఇంత లావు కమ్మలు, చేతికి గాజులు. వెనకే సారు, వేలికి రాయి ఉంగరం, మెడలో గొలుసు, ఎవరో బలవంతంగా అలంకరించినట్టు బిగుసుకుని నడుస్తున్నాడు.

“తీసేసిన వాళ్లన్నారు కదే?” అంది అమ్మ నా చెవిలో. “తియ్యడం కాదు, ఊళ్లో ఉన్నదంతా వేసుకొచ్చినట్టున్నారు!”

నేను వెంటనే తీర్పు చెప్పేసుకున్నాను: ఆవిడ గర్విష్ఠి, డబ్బు చూపించుకునే మనిషి, సారు కూడా ఆ తల్లి కొడుకే, ట్రైనింగులో ఆ బోసిమెడంతా నటన. అటుపక్క వాళ్ల తీర్పులూ అంతే వేగంగా నడుస్తున్నాయని తర్వాత తెలిసింది. నేను పళ్లెంలో మజ్జిగ గ్లాసులు పట్టుకొచ్చేసరికి సారు తల్లి నన్ను చూసి, కొడుకు వైపు తిరిగి గుసగుసగా అంది గానీ నాకు వినపడనే వినపడింది: “నగలు వేసుకునే అమ్మాయన్నావు కదరా?” సారు నా వైపు, మూఢ భక్తిలో పడి పాడైపోయిన మనిషిని చూసినట్టు, దిగులుగా చూశాడు.

మాటలు కూడా అలాగే ఎడ్డెమంటే తెడ్డెమన్నట్టు నడిచాయి. “మాకు లోకాశలు లేవండీ,” అంది అమ్మ, బోసి చేతులు ఒళ్లో పెట్టుకుని. పాపం సారు తల్లి పట్టుచీర కుచ్చిళ్లు దగ్గరికి లాక్కుని, చెవికమ్మ ఒకసారి నొక్కుకుని, “మాకు అలాంటి పట్టింపులేమీ లేవండీ. మేం టీవీ కూడా చూస్తాం. సీరియల్స్ అన్నీ చూస్తాం,” అంది. ముసుగులో కునికిపాట్లు పడుతున్న నాయనమ్మ దిగ్గున లేచింది. “ఏ సీరియల్ చూస్తావమ్మా?” సారు తల్లి నోరు తెరిచి, మూసి, “అదేనండీ... అత్తాకోడళ్లది,” అంది. “అన్నీ అవేగా!” అంది నాయనమ్మ. “నిన్న ఏమైంది అందులో?” “నిన్న... కరెంటు పోయిందండీ.” అమ్మ నాయనమ్మ కాలు తొక్కింది. సారు తన చేతి ఉంగరం తిప్పుకుంటున్నాడు. కళ్లజోడు ఎగరగొట్టి పగలబడి నవ్విన మనిషి ఇతనేనా అనిపించింది నాకు. సారు నాన్నగారు గొంతు సవరించుకుని, “మరి మేం బయల్దేరతామండీ, ఇంటికెళ్లి కబురు చేస్తాం,” అన్నాడు. ఇంటికెళ్లి కబురు చేస్తామంటే ఆ కబురేంటో ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఇంక ఆ సాంబారు మరక ఒక్కటే మిగులుతుంది నాకు, అనుకున్నాను.

“అదేం మాటండీ, తోటకొచ్చి రసాలు తినకుండా వెళ్తారా?” అన్నాడు నాన్న. పెళ్లి ఉన్నా లేకపోయినా మామిడిపండు పెట్టకుండా మనిషిని పంపడం నాన్న చరిత్రలో లేదు. నీళ్ల గంగాళంలో పొద్దుట్నుంచీ చల్లబడుతున్న చిన్నరసాలు తెచ్చి మధ్యలో పెట్టాడు. (చిన్నరసం పండినా పైకి ఆకుపచ్చగానే ఉంటుంది. ఇక్కడ తొక్కకీ లోపలి రసానికీ ముడిపెట్టి ఒక నీతి చెప్పొచ్చు, కానీ మా పాస్టరుగారు ప్రతి వేసవిలోనూ దాన్ని వాడేస్తారు కాబట్టి నేను వదిలేస్తున్నాను.) రసాన్ని కోసుకుని తినరు. అరచేతుల్లో మెత్తగా పిసికి, తొడిమ దగ్గర కొరికి సొన పిండేసి, నోటికి పెట్టుకుని పీల్చాలి. ఎంత పెద్దమనిషికైనా మోచేతుల దాకా కారుతుంది. సారు తల్లి మొదటి పండు పిసకగానే రసం గాజుల్లోకి దిగింది. ఆవిడ చటుక్కున గాజులు నాలుగూ తీసి, తొక్కలు వేసే పళ్లెం అంచున పెట్టి, హాయిగా తినడం మొదలుపెట్టింది. వచ్చినప్పట్నుంచీ ఆవిడ మొహంలో నవ్వు కనిపించడం అదే మొదలు. తినడం అయ్యాక అమ్మ ఆ పళ్లెం ఎత్తి, తొక్కలూ టెంకలూ అలవాటుగా తీసుకెళ్లి గేదె కుడితి తొట్టిలో గుమ్మరించింది.

చేతులు కడుక్కుంటూ సారు తల్లి ఉన్నట్టుండి కేకేసింది. “అయ్యో దేవా, ఆవిడ గాజులు!”

“ఏ ఆవిడవండీ?” అంది అమ్మ.

“మా పక్కింటావిడవి!” అని, అన్న తర్వాత నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

అమ్మకి కుడితి తొట్టి గుర్తొచ్చింది. తర్వాత అందరం ఒకేసారి కొట్టం వైపు పరిగెత్తాం. అక్కడ మా గేదె కుడితి తొట్టిలో తల చెవుల దాకా ముంచి, మామిడితొక్కలు ఆనందంగా నములుతోంది. నాన్న దాని పలుపు పట్టుకు లాగుతున్నాడు, సారు నాన్నగారు వెనక నుంచి నెడుతున్నాడు, అది కదిలితే కదా. నేను తెల్లచీర కొంగు దోపి, భుజం దాకా చెయ్యి కుడితిలో పెట్టేశాను. అవతలి వైపు నుంచి ఇంకో చెయ్యి మునిగింది, అది సారుది. తవుడూ, తొక్కలూ, టెంకలూ. ఒక గాజు నాకు దొరికింది, రెండు సారుకి. నాలుగోది ఎంత కెలికినా లేదు. అందరం గేదె నోటి వైపు భయంగా చూశాం.

“ఈ గాజు కోసమేనా మీ గోలంతా?”

వెనక్కి తిరిగి చూస్తే నాయనమ్మ. పిన్నీసు ఊడి, ముసుగు భుజాల మీదికి జారి, తాతయ్య కమ్మలు ఎండలో ధగధగలాడుతున్నాయి. ఎత్తి పట్టుకున్న చేతికి నాలుగో గాజు. “పళ్లెం అంచున ఉంటే బాగుందని తీసి వేసుకు చూశాను. రావట్లేదు. సబ్బు తెండి,” అంది. సారు తల్లి గాజు చూడలేదు. నాయనమ్మ చెవులు చూస్తోంది. “మామ్మగారూ, మీరు... మీ వాళ్లు నగలు...” అంది.

“నా కోడలు మూసేసిందమ్మా. టీవీకి కూడా ముసుగేసింది. నీ కాబోయే కోడలి గొలుసు బియ్యం డబ్బాలో ఉంది,” అంది నాయనమ్మ, దాచకుండా.

సారు తల్లి అక్కడే కొట్టం గట్టు మీద కూలబడిపోయింది. చెవుల నుంచి కమ్మలు లాగేసింది. నొక్కి పెట్టుకునే రకం అవి, చెవితమ్మెలు కందిపోయి ఉన్నాయి. కుట్లు పూడిపోయి ఎన్నేళ్లయిందో. “మీరు వేసుకునేవాళ్లని, మమ్మల్ని చూసి తక్కువ చేస్తారనీ తెచ్చుకున్నానండీ,” అంది, ఏడుస్తూనే. “వీడికి చిన్నప్పుడు కామెర్లు ముదిరి డాక్టర్లు ఆశ వదిలేశారు. ఆ రోజు మందిరంలో మోకరించి, వీడు బతికితే ఇంక బంగారం ముట్టనని దేవుడికి మాటిచ్చాను. ఎవరికో చూపించుకోవడానికి తీసింది కాదండీ. ఇవాళ మళ్లీ వీడి కోసమే వేసుకున్నాను. ఏ సంబంధం చెప్పినా ఊఁ అనని వాడు, మీ అమ్మాయి పేరు చెప్పేసరికి... ఆయన నన్ను ఏమనుకుంటాడో.” ఆయన అన్నప్పుడు పైకి చూసింది. రెండు గంటలుగా ఆవిడ మెడా చేతులూ తప్ప ఏమీ చూడని నేను, అప్పుడు ఆవిడ మొహం చూశాను. భయపడ్డ మొహం అది. కొడుకు సంతోషం ఎక్కడ చెడిపోతుందోనని పొద్దుట్నుంచీ భయపడుతున్న మొహం. గర్వమన్న మాట గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

అమ్మ వెళ్లి ఆవిడ పక్కనే గట్టు మీద కూర్చుంది. “మీరు ఇచ్చిన మాట దేవుడి కోసం, తప్పింది బిడ్డ కోసం. మేం రెండూ కాదు వదినగారూ, ఉత్త వేషం వేశాం. మీరు ఏడిస్తే మేం ఏం చెయ్యాలి?” అంది, తనూ ఏడ్చింది. వదినగారూ అన్న మాట విని నాన్న గేదె పలుపు వదిలేశాడు. అది మళ్లీ తొట్టిలో తల పెట్టింది.

తొట్టికి అటూ ఇటూ మేమిద్దరం మిగిలాం, మోచేతుల నుంచి కుడితి కారుతూ. సారు నా మెడ వైపు చూశాడు. “మేడమ్, పౌడరంతా పోయింది. గొలుసు గీత కనపడుతోంది,” అన్నాడు. “మీ ఉంగరం కూడా లేదు సార్, తొట్టిలో పడినట్టుంది,” అన్నాను. చేతి వైపు చూసుకుని, “అది కూడా నాది కాదండీ,” అన్నాడు. అనేసి నవ్వడం మొదలుపెట్టాడు. ట్రైనింగులో నవ్విన నవ్వే. నేనూ ఆపుకోలేకపోయాను. ఇంటికెళ్లి కబురు చేస్తామన్న వాళ్లు ఆ సాయంత్రం దాకా తోటలోనే ఉండి, బియ్యం డబ్బా అమ్మ వంపుతుంటే చుట్టూ కూర్చుని చూశారు. ఆ ఉంగరం మర్నాడు దొరికింది గానీ, ఎక్కడ దొరికిందో మర్యాదస్తులైన పాఠకులకి చెప్పలేను.

పెళ్లయ్యాక మొదటి ఆదివారం అత్తయ్య వాళ్ల మందిరానికి బయల్దేరుతూ నేను గొలుసు తియ్యబోయాను. అత్తయ్య చెయ్యి పట్టుకుంది. “ఉండనీ అమ్మా. నాది నేను దేవుడికిచ్చిన మాట, నీది కాదు. పైగా మళ్లీ బియ్యం డబ్బా ఎవరు వెతుకుతారు?” అంది. మందిరంలో ఆడవాళ్లందరి చూపులూ తిన్నగా నా మెడ మీదకే వచ్చాయి. అవి ఎలాంటి చూపులో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది, ఎన్నేళ్లు అలాగే చూసినదాన్ని. అత్తయ్య నన్ను ముందు వరసలో తన పక్కనే కూర్చోబెట్టుకుని, ఆరాధన అయ్యేదాకా తన బోసిచేతిని నా భుజం మీద నుంచి తియ్యలేదు. పాట మాత్రం అందరికంటే గట్టిగా పాడింది.

ఇప్పటికీ ఆ ముందు వరసలో అత్తయ్య పక్కన చోటు నాదే. మొన్న ఆదివారం ఎవరింటికో కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి మెడనిండా నగలతో తలుపు దగ్గరే నిలబడిపోయింది, ఎక్కడ కూర్చోవాలో తెలియక. అలవాటు చూడండి, నా కళ్లు ముందు మెడ మీదకే పోయాయి. పేటలు లెక్కపెట్టబోయి, నాలుక కరుచుకుని, మొహం దాకా వచ్చాను. పాపం, బిక్కచచ్చి ఉంది. అత్తయ్య కొంచెం పక్కకి జరిగింది, నేనూ జరిగాను. “రామ్మా, ఇక్కడ కూర్చో,” అని నా పక్కన చోటు చూపించాను.